మూడో వరస, ఏడో మేకు

కూలిపోయే గోపురం కావాలన్నారు. ఊరికే కూలితే చాలదట, పైనుంచి ఇద్దరు మనుషులు తలకిందులుగా పడుతూ ఉండాలట. బెంగళూరులో చల్లటి గదిలో కూర్చుని, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నదైన ఆర్ట్ డైరెక్టరమ్మ ఈ మాట చెబుతూ, వాళ్ళు ఎలా పడాలో చేత్తో గాల్లో గీసి చూపించింది. "మీ ఊళ్ళో గనుల మీద పెద్ద చక్రాలతో ఇనుప టవర్లు ఉంటాయి కదా మేడమ్, అది విరిగి పడుతున్నట్టు వేయండి. చాలా డ్రమాటిక్‌గా ఉంటుంది" అంది. ఆమె ఇచ్చిన కాఫీ ముట్టకుండా లేచి వచ్చేశానని చెప్పుకోవాలని ఉంది. నిజానికి కాఫీ తాగాను, తలూపాను, మా ఊరికి వచ్చే మారికుప్పం రైలెక్కాక మాలూరు వచ్చేదాకా పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

టారో అని జాతకం చెప్పే కార్డులుంటాయి. మొత్తం డెబ్బై ఎనిమిది. పాతకాలపు యూరపు రాజులు, రాణులు, కత్తులు, గిన్నెలు, నాణేలు వాటి మీద ఉంటాయి. వాటినే ఈ కాలానికీ ఈ నేలకీ తగ్గట్టు కొత్తగా వేయించి, అందమైన పెట్టెలో పెట్టి అమ్మాలని ఆ డైరెక్టరమ్మ పనిచేసే సంస్థ ఆలోచన. కోలారు బంగారు గనులైతే పేరు బాగా పలుకుతుందని ఎవరో చెప్పారట. నేను ఆండర్సన్‌పేటలో ఆటోల వెనక గద్దల్నీ గులాబీల్నీ వేస్తాను, చర్చి గోడల మీద వాక్యాలు రాస్తాను, బడిపిల్లలకి పటాలు గీసిస్తాను. నేను బొమ్మ వేసిన ఒక ఆటో వెనక భాగం ఫొటో ఎవరెవరి ఫోన్లలోనో తిరిగి తిరిగి వాళ్ళకి చేరింది. అలా నా దగ్గరికి వచ్చారు.

ఆ పనిని ఇష్టపడే ఒప్పుకున్నాను. మొదటి కార్డు వెర్రివాడిది. పాత బొమ్మలో వాడు కొండ అంచున ఒక కాలు గాల్లో పెట్టి ఆకాశం చూస్తుంటాడు. నేను పొద్దున్నే కదిలిపోతున్న బెంగళూరు రైలు వెంట టిఫిన్ క్యారియరుతో పరిగెత్తే మనిషిని వేశాను. ఒక కాలు మెట్టు మీద, ఇంకో కాలు గాల్లో. గనులు మూతపడ్డాక మా ఊళ్ళో సగంమంది పొద్దున ఆరింటికి అలాగే ఉంటారు. మహారాణి కార్డుకి, పట్టుగూళ్ళు నిండిన చంద్రిక అనే వెదురు తట్ట ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్న రైతు భార్యని వేశాను. రథానికి బదులు మాలూరు ఇటుకల లారీ. చంద్రుడి కింద, బంగారం తీశాక మిగిలిన గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బలు, వాటి మీద రెండు ఊరకుక్కలు. కత్తులు డ్రిల్లు రాడ్లయ్యాయి, గిన్నెలు లోటాలయ్యాయి. నాణేలు బిళ్లలయ్యాయి.

ఆ బిళ్లల సంగతి తెలియకపోతే మిగతాది అర్థం కాదు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉండేది. గనిలోకి దించే నిలువు బావిలాంటి షాఫ్టు దగ్గర ఒక చెక్క పలక, దాని నిండా మేకులు. దిగేటప్పుడు తన మేకు నుంచి బిళ్ల తీసుకుని జేబులో వేసుకోవాలి. పైకి వచ్చాక కిటికీలో ఇస్తే దాన్ని మళ్ళీ అదే మేకుకి తగిలించేవారు. మేకుకి బిళ్ల ఉంటే మనిషి పైన ఉన్నాడు, మేకు ఖాళీగా ఉంటే మనిషి కింద ఉన్నాడు. గని కూలీలకి వరసగా కట్టిన మా లైన్ ఇళ్ళలో ఒక్క అక్షరం రాని ఆడవాళ్ళు కూడా ఆ పలకని చదివేవారు.

అమ్మకి ఈ కార్డుల పని మొదటినుంచీ గిట్టలేదు. ఆదివారం ఆరాధనకి తప్పకుండా వెళ్ళే మనిషి, ఇంట్లో జాతకాల బొమ్మలు ఎండుతుంటే ఎలా ఊరుకుంటుంది? "సాతాను పటాలు" అని వాటికి పేరు పెట్టింది. అన్నం గిన్నె దించడానికి చోటు కావాలంటే, చేత్తో ముట్టకుండా పట్కారుతో పట్టుకుని పక్కకి పెట్టేది. ఒకసారి మహారాణి మూతి మీద పట్కారు మసి అంటుకుంది. నేను అరిస్తే, "దానికి మీసాలొచ్చినాయిలే, మగమహారాజయ్యింది" అంది. ఆ బొమ్మ మళ్ళీ వేశాను.

గోపురం కార్డు దగ్గర మాత్రం పని ఆగిపోయింది. పాత బొమ్మలో పిడుగుపడి గోపురం విరుగుతుంది, మనుషులు కిందపడుతుంటారు. చాంపియన్ రీఫ్స్ గని దగ్గర మా ఇంటి వెనక నిలబడ్డ ఇనుప టవరుని ఉన్నదున్నట్టు వేసి పంపాను. చక్రం ఆగిపోయింది, తాళ్ళు లేవు, తుప్పు. డైరెక్టరమ్మ ఫోను చేసింది. "బాగుంది మేడమ్, కానీ ఇది నిలబడి ఉంది. టవర్ కార్డు అంటే పడిపోవాలి. మనుషులు పడాలి" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ టవరు మీద నుంచి మా ఊళ్ళో ఎవడూ పడలేదు. దాని కింది నుంచి వరసలో నిలబడి, కేజీ అనే ఇనుప బోనులో ఎక్కి, బిళ్ల జేబులో వేసుకుని, బుద్ధిగా కిందకి దిగారు. చచ్చినవాళ్ళు చచ్చినప్పుడు కూడా అది చెక్కుచెదరకుండా నిలబడే ఉంది, ఇప్పుడూ నిలబడే ఉంది. దాన్ని విరగ్గొట్టి బొమ్మ వేస్తే చూసేవాళ్ళకి సరదాగా ఉంటుంది, నిజమే. ఇదంతా ఆమెతో అనలేదు. "ఇంకోటి వేసి పంపుతాను" అని ఫోను పెట్టేశాను.

వారం రోజులు ఏమీ వేయలేదు. ఆ తర్వాత పలకని వేశాను.

నాన్న చాంపియన్ రీఫ్స్‌లో డ్రిల్లు పట్టేవాడు. ఆయనకొక జతగాడుండేవాడు, ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఒకే చోట పని. నేను ఆ జతగాణ్ణి మామా అని పిలిచేదాన్ని. ఒకరోజు షిఫ్టు ముగిసేవేళకి నాన్న టిఫిన్ క్యారియరు పనిచేసే చోటే మరిచిపోయి వెనక్కి వెళ్ళబోయాడు. ఆ సాయంత్రం చర్చిలో పాటల సాధన ఉంది. నాన్నది అందులో లావు గొంతు, ఆయన లేకపోతే మొదలుపెట్టరు. ఆలస్యమవుతుందని మామ ఒక ఉపాయం చెప్పాడట. "బిళ్ల నాకియ్యి. నాది ఇచ్చేటప్పుడు నీదీ ఇచ్చేస్తా. నువ్వు తరువాత కేజీలో వచ్చి, కిటికీ కాడ నిలబడకుండా సీదా పో" అన్నాడు. అది చేయకూడని పని. అయినా అలిసిపోయిన మనుషులు ఒకరికొకరు అలాంటి సాయాలు చేసుకునేవారు. మామ పైకి వచ్చి రెండు బిళ్లలూ ఇచ్చాడు, రెండూ మేకులకెక్కాయి. నాన్న ఇంకా కిందే ఉన్నాడు.

అప్పుడు భూమి అదిరింది. లోపల రాయి పగిలితే పైన మా ఇళ్ళన్నీ అదిరేవి. అలమార మీది గ్లాసులు దొర్లిపడ్డాయి, సైరను మోగింది. అమ్మ పరిగెత్తింది, నేను ఆమె కొంగు పట్టుకుని వెనక పరిగెత్తాను. షాఫ్టు దగ్గర ఆడవాళ్ళందరూ పలక వైపే చూస్తున్నారు. నాన్నది మూడో వరసలో ఏడో మేకు. దానికి బిళ్ల ఉంది.

"వచ్చేసినాడు పోమ్మా నీ మొగుడు, బిళ్ల ఉండాది చూడు" అన్నారెవరో. అమ్మ నవ్వింది. పక్కన ఖాళీ మేకుల వాళ్ళ పెళ్ళాలు గుండెలు బాదుకుంటుంటే, కనపడకూడదని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ నన్ను ఇంటికి తీసుకొచ్చింది. పొయ్యి మీద ఎసరు పెట్టింది. నాన్నకి ఇష్టమని ఎండుచేపలు వేయించింది. సీదా చర్చికి పోయుంటాడని అనుకుంది. పొద్దుగూకే వేళకి చర్చి నుంచి మనిషి వచ్చి, పాటలకి రాలేదేమని అడిగాడు. దాంతో నాన్న సారా అంగడికి పోయాడని తిట్టడం మొదలుపెట్టింది. నోటికొచ్చినవన్నీ తిట్టింది. ఇంకా తిడుతుండగానే మామ గుమ్మంలోకి వచ్చాడు. స్నానం చేసిన తల ఆరలేదు. నాన్న తరువాత కేజీలో వచ్చేసి ఉంటాడనే అప్పటిదాకా అనుకున్నాడట.

"అక్కా, ఆ బిళ్ల నేనిచ్చినాను" అన్నాడు.

"ఎవురినడిగి ఇచ్చినావు?" అంది అమ్మ. అమ్మ ఆ ఒక్కమాటే లైను మొత్తం వినపడేలా మళ్ళీ మళ్ళీ అడిగింది.

ఖాళీ మేకుల వాళ్ళ కోసం అప్పటికే వెతుకుతున్నారు. కొందరిని ప్రాణాలతో తీశారు. నాన్న కోసం వెతకడం మామ చెప్పాక మొదలైంది, మర్నాడు దొరికాడు. ముందే వెతికుంటే బతికేవాడా అంటే ఎవరూ చెప్పలేరు. అమ్మ మాత్రం బతికేవాడనే అంటుంది. ఇన్నేళ్ళలో ఆమె అన్నిటికంటే ఎక్కువగా తలచుకున్నది చావుని కాదు, ఆ సాయంత్రాన్ని. "ఆయప్ప కింద ఉంటే నేను నగుతా చేపలు వేయించినానే" అంటుంది. ఆ రోజు నుంచి మామతో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆయన ఎదురొస్తే స్కూటరు పక్క సందులోకి తిప్పేసేదాన్ని.

అందుకే గోపురం కార్డులో పలకని వేశాను. వెనక దూరంగా టవరు, దాని మీద పిడుగు. ముందు పలక, అయిదు వరసలు, వరసకి పది మేకులు. నలభై తొమ్మిది బిళ్లలు వేశాను. మూడో వరసలో ఏడో మేకుని ఖాళీగా వదిలాను, ఆ రోజు ఎలా ఉండి ఉండాలో అలా. మిగతా బిళ్లలన్నిటికంటే ఆ ఒక్క మేకుకీ దాని నీడకీ ఎక్కువసేపు పట్టింది.

వేస్తుండగా అమ్మ వెనక వచ్చి నిలబడింది. "ఏమ్మే, ఖాళీగా పెట్టినావా?" అని అడిగింది.

"పెట్టినానమ్మా."

"అచ్చులో గూడా ఇట్లనే వస్తాదా?"

"వస్తాదమ్మా. ఎన్ని అచ్చేస్తే అన్నిట్లోనూ ఇట్లనే వస్తాది."

అమ్మ చెయ్యి చాపి ఆ మేకు మీద వేలు పెట్టింది. రంగు ఇంకా ఆరలేదు. అన్ని నెలల్లో నా కార్డుల్ని ఆమె పట్కారు లేకుండా ముట్టుకున్నది అదే మొదటిసారి. అంటిన రంగుని కొంగుకి తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

డైరెక్టరమ్మకి ఈ బొమ్మ తెగ నచ్చింది. "సింపుల్‌గా ఉంది, సూపర్" అని మెసేజీ పెట్టింది. బిళ్లల మీద బంగారు రేకు అచ్చు వేయిస్తామని, బంగారు గనుల కార్డులు కదా మెరవాలని అంది. బిళ్లలు ఇత్తడివని, మా లైన్లలో ఎవరి చేతిలోనూ బంగారం మెరిసింది లేదని చెప్పాను. "అది సింబాలిక్ మేడమ్" అంది. సరే తగలబెట్టుకోండి అనుకున్నాను. ఆ ఖాళీ మేకు గురించి మాత్రం ఆమెకి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. మా నాన్నని వాళ్ళ మీటింగులో ఒక కథగా చేసి చెప్పుకుంటారని బిగుసుకుని కూర్చున్నాను. ఆ తప్పు నాది. ఇంకో తప్పు కూడా నాదే. అచ్చుకి పోయేముందు మొత్తం కార్డులు ఫోనుకి పంపి చూడమన్నారు. ఆటో దిగుతూ, అరచేతిలో వేలెడంత బొమ్మలుగా చూసి ఓకే అని కొట్టాను.

నెలన్నర తర్వాత పార్సిలు వచ్చింది, పది పెట్టెలు. అమ్మ చేతులు కడుక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని, గుమ్మంలో వెలుతురుకి కూర్చుంది. "నాకు మిగిలినవి వద్దు, అదొక్కటి తియ్యి" అంది. తీసి ఇచ్చాను. కార్డు చాలా బాగుంది, ఆ మాట చెప్పాలి. పిడుగు అచ్చంగా నేను వేసినట్టే వచ్చింది. అమ్మ పైనుంచి వేలితో వరసలు లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఒకటి, రెండు, మూడు. ఆ తర్వాత అడ్డంగా మేకులు లెక్కపెట్టింది. ఏడో దగ్గర వేలు ఆగిపోయింది.

తల ఎత్తి నా వైపు చూసింది. కోపంగా కూడా చూడలేదు, అర్థంకానట్టు చూసింది.

"మళ్ళా బిళ్ల ఇచ్చేసినారా?" అంది.

కార్డు లాక్కుని చూశాను. ఏడో మేకుకి బంగారు బిళ్ల ఉంది. పక్కదాని నంబరే దానిమీద కూడా ఉంది.

అప్పటికప్పుడు వీధిలోకి వెళ్ళి ఫోను చేశాను. డైరెక్టరమ్మ సంతోషంగా ఎత్తింది, పెట్టెలు అందాయా అని అడిగింది. బిళ్ల సంగతి అడిగాను. "ఓ, అదా! మీరు ఒకటి మిస్సయ్యారు మేడమ్. మా డిజైనర్ గ్రిడ్‌లో గ్యాప్ గమనించి పక్కది కాపీ చేసి పెట్టాడు. మిమ్మల్ని మళ్ళీ ఎందుకు ఇబ్బంది పెట్టాలని మేమే సరిచేసేశాం" అంది.

"ఎవురినడిగి పెట్టినారు?" అని అరిచాను. అమ్మ మాట నా నోట్లోంచి వచ్చింది. ఎదురింటి వాళ్ళు బయటికి వచ్చి చూశారు. ఆపలేదు. నా బొమ్మలో చెయ్యి పెట్టేముందు ఒక్క ఫోను చేస్తే మీ సొమ్మేం పోయేదని అడిగాను. మనిషి చచ్చాడా బతికాడా చూసుకునే పలక అది, మీ గోడకి వేసుకునే చుక్కల కాగితం కాదన్నాను. నువ్వూ నీ గ్రిడ్డూ గంగలో కలవండన్నాను. ఆమె భయపడింది పాపం. "సారీ మేడమ్, మాకు తెలీదు. మీరు ఫైనల్‌కి ఓకే అన్నారు కదా" అంది. అన్న మాట నిజమే. పెట్టెలు అప్పటికే అంగళ్ళకి వెళ్ళిపోయాయట. మళ్ళీ అచ్చు వేసే రోజు వస్తే మారుస్తామంది. ఆ తర్వాత నన్ను ఓదార్చాలనుకుందేమో, "చిన్న చుక్క మేడమ్, ఎవరూ చూడరు" అంది. పెట్టె మీద నా పేరు ఎక్కడ వేసినా తీసేయమని చెప్పి ఫోను కట్ చేశాను.

కోపం తీరలేదు. ఆ అమ్మాయి బెంగళూరులో ఉంది, ఆ డిజైనరు ముఖం కూడా నాకు తెలియదు. చేతికి అందే దూరంలో ఉన్నవాడు ఒక్కడే. కార్డు పట్టుకుని మామ ఉండే లైను దాకా నడిచి వెళ్ళాను. ఎన్నేళ్ళయిందో ఆ సందులో కాలు పెట్టి. ఆయన ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఛాతీ ఎగిరిపడుతోంది, ఊపిరి ఈల వేస్తోంది. గని దుమ్ము అందరికీ ఇచ్చిన జబ్బే అది. నన్ను చూసి లేవబోయాడు.

"లేవొద్దు. ఇది చూడు" అని కార్డు ఒళ్ళో పడేశాను. "నీ మాదిరే ఇంగొకడు సాయం చేసినాడు చూడు. నేను ఖాళీగా పెట్టినాను. మా అమ్మకు మాటిచ్చినాను. వాడెవుడో నన్నడక్కుండా బిళ్ల తగిలిచ్చినాడు. మీకంతా మేకు ఖాళీగా ఉంటే చేతులు ఊరుకోవా?"

ఇంకా చాలా అన్నాను. దారి పొడుగునా కూడబెట్టుకున్నదంతా అన్నాను. ఆయన కార్డుని కళ్ళకి దూరంగా పట్టుకుని, మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏ మేకో నేను చెప్పలేదు. ఆయన వేలు తిన్నగా మూడో వరస మీదికి వెళ్ళి, ఏడు లెక్కపెట్టి ఆగింది.

"ఇది ఉండకూడదు" అన్నాడు.

బొటనవేలి గోరుతో ఆ బిళ్ల మీద గీకడం మొదలుపెట్టాడు. బంగారు రేకు అంత తొందరగా ఊడలేదు. మధ్యలో దగ్గు తెర వచ్చి, కార్డు తడవకుండా ముఖం పక్కకి తిప్పుకుని దగ్గాడు. దగ్గు తగ్గాక మళ్ళీ గీకాడు. నేను నిలబడే ఉన్నాను, కూర్చోమంటే కూర్చోలేదు. రేకు పోయింది, కింద రంగు పోయింది, తెల్లటి కాగితం బయటపడింది. ఆయన గోటి కింద బంగారం పొడి మిగిలింది. కార్డుని పంచెకి తుడిచి నా చేతికిచ్చాడు.

"బిళ్ల నేను ఎనక్కి తీసుకొన్నానని మీ అమ్మకు చెప్పు పాపా" అన్నాడు.

నేను వెళ్ళేసరికి అమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది, కళ్ళద్దాలు తీయలేదు. కార్డు ఇచ్చి, ఆయన చెప్పమన్న మాట చెప్పాను. ఆమె మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. మూడు వరసలు, ఏడు మేకులు. తెల్లగా గీరుకుపోయిన చోట వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

"ఇప్పుడా ఎనక్కి తీసుకొనేది?" అంది.

ఆ తర్వాత నేను చెయ్యి చాపాను గానీ, కార్డు నాకు తిరిగి ఇవ్వలేదు.